దొర లేని నాటకం

అక్టోబర్ 6, సోమవారం. వనపర్తి హాస్టల్.

నాటకం సార్ చేతిలో పెట్టి వచ్చాను. "మా ఊరి చర్చిలో కోత పండుగకు వేస్తున్నాం సార్, ఊరికే ఒకసారి చూడండి" అన్నాను. ఊరికే అని ఎందుకన్నానో. నేను అడిగింది ఊరికే చూడమని కాదు, బాగుందని చెప్పమని.

చంద్రశేఖర్ సార్ మాకు తెలుగు చెప్తారు. రోజూ నాగర్‌కర్నూల్ నుంచి బస్సులో వచ్చి పోతారు. మా పేపర్లన్నీ ఆ బస్సులోనే దిద్దుతారట. ఈపాటికి నా దొర కొరడా పట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు.

నాకు రెండో రంగం ఇష్టం. దొర గాదె గదికి తాళం వేసుకుని నవ్వుతుంటే, ఒక నిండు చూలాలు, ఆ రాత్రికి అందులో తలదాచుకోనిమ్మని కాళ్ల మీద పడి ఏడుస్తుంది. "నా కన్నీటి ధారలు నీ గుండె బండను కరిగించలేవా" అంటుంది. ఈ మాట దొరికిన రోజు అన్నం తినడం మరిచిపోయాను. ధార. నోట్లో పెట్టుకుంటే ఎంత బాగుంటుందో.

అక్టోబర్ 8

సార్ కాలేజీకి రాలేదు. నా నాటకం చదివి నచ్చక రాలేదేమో అనుకున్నాను. పిచ్చి ఆలోచనే. సాయంత్రం దాకా అదే అనుకున్నాను.

అక్టోబర్ 9, గురువారం

ప్రతి పేజీలోనూ ఎర్ర సిరా.

"ధార" చుట్టూ సున్నా. "హృదయ కుహరం" చుట్టూ సున్నా. దొర మాట పక్కన "ఇది ఎవరి మాట?" అని రాశారు. చూలాలి మాట పక్కన అదే ప్రశ్న. పాలేరు ఒక్క ముక్క మాట్లాడతాడు, దాని పక్కన కూడా అదే. చివరి పేజీలో రెండు వాక్యాలు. "శ్రద్ధగా రాశావు. భయపడి రాశావు."

స్టాఫ్ రూమ్ బయట నిలబెట్టి అడిగారు. ఇలాంటి దొరను ఎప్పుడైనా చూశావా అని. లేదన్నాను. మీ నాయిన చూశాడా అని. తాత చూసి ఉంటాడన్నాను.

"దొర అంటే నీకు భయమా?"

"లేదు సార్."

"నీకే లేని భయం నీ నాటకంల వాళ్లకు ఎట్ల వస్తది రేఖా? నీకు నిజంగ ఎవరంటే భయమో ఆ మనిషిని రాయి."

ఆయన అలా అన్నప్పుడు నాకొక ముఖం కనిపించింది. వెంటనే పోయింది. ఎవరిదో ఇక్కడ కూడా రాయను.

సార్‌కు మా ఊరు తెలియదు. చెప్పడం సులువే.

అక్టోబర్ 10

నేను భయపడి రాయలేదు. పద్ధతిగా రాశాను.

అక్టోబర్ 11, శనివారం. ఊరు.

అమరచింతలో బస్సు దిగి నడిచి వచ్చేసరికి చర్చిలో రిహార్సల్ మొదలైంది. నేను లేకుండానే. ఇస్రాయేలు పెద్దనాయిన నవ్వు వాడ చివరికి వినిపిస్తోంది. దొర వేషం ఆయనదే. ఆయన గట్టిగా నవ్వితే చర్చి పైరేకులు మోగుతాయి.

చుట్టం కాదు కానీ అందరం పెద్దనాయిన అనే పిలుస్తాం. ఊరి నుంచి బెంగళూరు కట్టడాల పనికి మనుషులను తీసుకుపోయే మేస్త్రీ ఆయన. చర్చికి పెద్ద కూడా. కోత పండుగ అయిపోగానే బస్సు వస్తుంది. అందులో ఎవరెక్కాలి, అక్కడ ఎవరికి ఏ పని అనేది ఆయన నోటి మాట. నాయిన కాలు విరిగిన ఏడు ఆయనే భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తాడు. అప్పటి నుంచి నాయినకు కింది పని ఇస్తున్నాడు, గోడలకు నీళ్లు కొట్టేది. ఆ కాలుతో నాయిన అంతస్తులు ఎక్కలేడు. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

చూలాలి వేషం వనజది. పోయినేడే పెళ్లయింది. నిజంగానే నాలుగో నెల. "గీ పిల్లకు గుడ్డలు చుట్టే పని లేదు, ముందుగాలనే తయారై వచ్చింది" అని ఆడవాళ్లు ఒకటే నవ్వు. పండుగ కాగానే మొగుడితో పాటు వనజ కూడా బస్సెక్కుతుంది.

నాటకం అందరికీ నచ్చింది. కొరడా, మీసం గద్వాలలో కిరాయికి తెస్తానని పెద్దనాయిన మాటిచ్చాడు. ఇది ఎవరి మాట అని ఇక్కడ ఒక్కరూ అడగలేదు. సార్‌కు ఇది చూపించాలి అనుకున్నాను.

మా సుమన అక్క వెనక కూర్చుని చూసింది. రెండో రంగం మధ్యలో లేచి వెళ్లిపోయింది. ఇంట్లో పని ఉండి ఉంటుంది.

అక్టోబర్ 12

అమ్మను అడిగాను, అక్క నాటకం గురించి ఏమైనా అందా అని. ఏమనలేదంది అమ్మ. అడిగిన నన్నే అదోలా చూసింది.

ఈ నాటకానికీ అక్కకూ సంబంధం లేదు. ఇది పాతకాలం కథ.

అక్టోబర్ 14. హాస్టల్.

దొర మాటలన్నీ కొట్టేశాను. ఎలా ఉంటుందో చూద్దామని, అంతే. చూలాలి మాటలు మాత్రం మిగిలాయి. ఎదురుగా ఎవరూ లేకుండా ఆమె ఒక్కతే తలుపు ముందు నిలబడి మాట్లాడుతోంది. చదువుతుంటే వీపు మీద ఎవరో ఊదినట్టయింది. ఆ తలుపు దగ్గరికి ఎవరో ఒకరు రావాలి.

అక్టోబర్ 16

వచ్చాడు.

కొరడా లేదు. అరవడు. "తల్లీ" అని పిలుస్తాడు. అరిచేవాళ్లంటే నాకు భయం లేదు, మా వార్డెన్ పొద్దున లేస్తే అరుస్తుంది. తల నిమిరి, అన్నం తిన్నావా అని అడిగి, మన పని కాకుండా పంపేవాళ్లంటేనే భయం. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది, రాస్తుంటేనే.

సిమెంటు గది అని రాశాను. కొట్టేసి జొన్నల గది అని రాశాను. మేస్త్రీ అని రాసి, కొట్టేసి, పెద్దమనిషి అన్నాను. ఎవరూ పోల్చుకోరు.

అక్టోబర్ 17

ఇంట్లో ఎవరూ నోరు విప్పరు కాబట్టి ఇక్కడ రాసిపెడతాను. నేను అక్కడ లేను. అమ్మ ఒకసారి చెప్పింది, ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు.

రెండేళ్ల కింద బెంగళూరులో అక్కకు నెలలు నిండాయి. బావ వినయ్‌ను ఆ వారం వేరే కట్టడం దగ్గరికి పంపారు. వానలు. రేకుల గుడిసెల్లోకి నీళ్లొచ్చాయి. తడవనిది ఒక్కటే గది, సిమెంటు బస్తాలు పెట్టేది. ఆ రాత్రికి అందులో పడుకుంటానని అక్క పోయి మేస్త్రీని అడిగింది. ఆయన ఇవ్వలేదు. తెల్లారకముందే నీళ్ల మధ్య కాన్పయింది. మగపిల్లవాడు. పొద్దెక్కేదాకా ఉన్నాడు.

ఆ తర్వాత అన్నీ దగ్గరుండి చూసింది కూడా ఇస్రాయేలు పెద్దనాయినే. బండి మాట్లాడాడు, బొంద తవ్వించాడు, ప్రార్థన చేశాడు. అక్కను ఊరికి పంపాడు. అందుకే ఎవరూ ఏమీ అనలేదు. ఏమని అంటారు?

బావ ఇంకా అక్కడే పని చేస్తాడు. అక్క మళ్లీ పోలేదు.

ఇది అక్క కథ అని నేను అనడం లేదు.

అక్టోబర్ 22

కొత్తది సార్ చదివారు. ఈసారి ఎర్ర సిరా చాలా తక్కువ. పెద్దమనిషి మాటల దగ్గర ఒక్క గీత కూడా లేదు. ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత పేజీ తిప్పాను.

చూలాలి మాటలన్నిటినీ కలిపి ఒకే పొడవాటి గీత గీశారు. "ఈమె ఇంకా నీలాగే మాట్లాడుతోంది. కన్నీళ్లన్నీ నీవి. ఇలాంటి మనిషి నీకు తెలిసి ఉంటే పోయి అడుగు."

తెలిసి ఉంటే అట.

అన్నం సగంలో వదిలేసి లేచాను. మెస్‌లో కూర బాగాలేదు.

అక్టోబర్ 25, శనివారం. ఊరు.

అక్కతో పత్తి ఏరడానికి పోయాను. పొద్దున్నుంచి గొంతులోనే పెట్టుకుని తిరిగాను. అన్నాల వేళ గట్టు మీద కూర్చున్నప్పుడు, నాటకం కొంచెం మార్చాను, వింటావా అన్నాను. వినడానికి ఏముందిలే అంది. అయినా గిన్నె కింద పెట్టింది.

చదువుతున్నంతసేపు నేను తల ఎత్తలేదు. చూలాలు తలుపు పట్టుకుని ఏడ్చే చోట నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. మామూలుగా ఆ చోట నాకు ఏడుపొచ్చేది. అక్క ముందు చదువుతుంటే రాలేదు. సిగ్గు వచ్చింది.

చదవడం అయిపోయింది. అక్క వేళ్లకు గుచ్చుకున్న పత్తి పెంకులు తీసుకుంటూ కూర్చుంది.

"నేను ఏడ్వలే" అంది.

నేను పేజీలు మడిచాను.

"కాళ్లు గిట్ల పట్టుకోలే. గన్ని మాటలు యాడికెళ్లి వస్తయి మనిషికి, నొప్పులు మొదలైనంక? ఒక్కసారి అడిగిన. ఆయన చెప్పిండు. సరే పెద్దనాయినా అన్న. అని వచ్చి పండుకున్న."

"సరే అన్నవా అక్కా?"

"మరేమంటరు? పెద్దమనిషి మంచిగ చెప్తుంటే." మళ్లీ పెంకులు తీసుకుంది. "గా సరే అన్న మాటే నన్ను తింటుంది రెండేండ్ల సంది. నువ్వేమో ఏడిపిచ్చి, కాళ్ల మీద పడేసి, నన్ను మంచిదాన్ని చేసినవ్."

ఆయన ఏమని చెప్పాడని అడిగాను. నువ్వే రాసుకో పో, ఆ మాట నా నోటి నుంచి రాదంది. కొంగులో పత్తి దులుపుకుని లేచింది. రెండడుగులు వేసి ఆగింది.

"నడుమ జొన్నలేంది? సిమెంటని రాయి."

"నాయిన పని పోతది అక్కా."

ఆమె చాళ్ల వైపు చూసింది. చివరి చాలులో వనజ వంగి ఏరుతోంది. అక్క కొంగు దోపుకుని అటే నడిచింది.

అక్టోబర్ 27

కన్నీళ్లు తీసేస్తే రెండో రంగం ఒక పేజీ కూడా లేదు. ఆమె అడుగుతుంది. ఆయన "గది ఖాళీ లేదు తల్లీ, సిమెంటు తడుస్తది" అంటాడు. ఆమె "సరే పెద్దనాయినా" అంటుంది. పోతుంది. అంతే.

ఒక్క మంచి మాట లేదు అందులో. ధార లేదు, కుహరం లేదు. ఇంత చిన్నదాన్ని చూసి ఇంత భయపడటం నాకు ఎప్పుడూ జరగలేదు.

నవంబర్ 1, శనివారం. ఊరు.

అమ్మ బట్టలు ఉతకడానికి నా సంచి గుమ్మరించి పేజీలు చూసింది. అమ్మకు చదువు రాదు. పక్కింటి పిల్లవాడితో చదివించుకుందట. అన్నం వడ్డిస్తూనే నాయినకు చెప్పేసింది.

నాయిన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కాలు చాపుకుని మోకాలికి నూనె రాసుకుంటూ అన్నాడు.

"దొరనే ఉండనీ బిడ్డా. దొరలు ఇప్పుడు ఎవరూ లేరు. ఎవలకూ తాకదు."

"ఉత్త నాటకమే గద నాయినా."

"ఉత్తదైతే మరి దొర ఉంటే ఏమాయె?"

దీనికి సార్ దగ్గర కూడా జవాబు ఉండకపోవచ్చు. నాయిన సీసా మూత పెట్టి, "మనకు కింది పని ఉన్నన్ని దినాలే గడుస్తది" అన్నాడు, నాతో కాదు, మోకాలితో చెప్పినట్టు.

నవంబర్ 2

పాత నాటకమే వేద్దాం. నిర్ణయం అయిపోయింది.

నవంబర్ 4. హాస్టల్.

సార్‌కు చెప్పాను, పాతదే వేస్తున్నామని. ఎందుకని అడుగుతారనుకున్నాను. అడగలేదు. "నీ ఇష్టం అమ్మా. నువ్వుండే ఊరు, నేనుండేది కాదు" అన్నారు. తిడతారని గుండె గట్టి చేసుకుని పోయిన నేను, తిట్టకపోయేసరికి ఎటు పోవాలో తెలియక వరండాలో నిలబడ్డాను.

పాతది మళ్లీ చదివాను. దొర నవ్వుతాడు. నాకు నవ్వు రాలేదు, భయమూ వేయలేదు. అట్టముక్కతో చేసిన మనిషి.

నవంబర్ 6

రెండు నాటకాలూ సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు రెండూ?

నవంబర్ 8, శనివారం. ఊరు.

వరసగా రాస్తాను.

చర్చిలోకి పోగానే పెద్దనాయిన కుర్చీలోంచి పిలిచాడు. "కొత్తగ రాసినవంట గదా బిడ్డా. మీ అమ్మ చెప్పింది, ‘జర చూసి చెయ్యనియ్యి అన్నా’ అన్నది. ఏది, తే."

అమ్మ ఆపడానికే చెప్పి ఉంటుంది. అమ్మ భయమే నన్ను అక్కడ నిలబెట్టింది. పాతది ఇచ్చి ఇదే కొత్తది అని ఉండవచ్చు. సంచిలో చేయి పెట్టాను. ఏది తీస్తున్నానో నాకు తెలుసు. తెలియదని రాసుకుంటే బాగుండును.

ఆయన కూడబలుక్కుని చదువుతాడు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ. రెండో రంగం దగ్గర వేలు ఆగింది. మళ్లీ మొదటి నుంచి వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది. చుట్టూ పిల్లలు ఆడుతున్నారు. వనజ అరుగు మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. నాకు నాయిన మోకాలు కనిపించింది, నూనెకు మెరుస్తూ.

"గిట్ల అనరు బిడ్డా" అన్నాడు.

నేను ఏది పెద్దనాయినా అన్నట్టు చూశాను.

"గీ మాట. ‘ఖాళీ లేదు, సిమెంటు తడుస్తది.’ గిట్ల ఎవలన్న అంటరా? లేదు అన్నవనుకో, మనిషికి పట్టుదల వస్తది. ఎందుకు లేదంటడు. ఇంకోపారి అడుగుతడు. నలుగుర్ని పిలుస్తడు." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పని నేర్చుకునేవాళ్లకు తాపీ పట్టడం చూపించేటప్పుడు ఇలాగే జరుపుకుంటాడని నాయిన చెప్పేవాడు. "లేదు అననే వద్దు. ‘రేపు చూద్దాం తల్లీ’ అనాలె. గట్లంటే సరే అని పోతరు. మల్ల అడగరు. రాసుకో."

రాసుకున్నాను. ఆయన చూస్తుండగా, ఆయన చెప్పిన మాట, నా పెన్నుతో.

తర్వాత లేచి వనజను ఎదురుగా నిలబెట్టుకుని చెప్పి చూశాడు. మొదటిసారి గట్టిగా వచ్చింది, బాగాలేదని తనే అన్నాడు. రెండోసారి "తల్లీ" దగ్గర గొంతు తగ్గించాడు. మూడోసారి చేయి చాపి వనజ తల మీద పెట్టి చెప్పాడు. పైరేకులు మోగలేదు. ఆడుకునే పిల్లలు ఆగి చూశారు. కొరడా, మీసం ఇక వద్దులే అన్నాడు.

గుర్తుపట్టాడా? గుర్తుపట్టే చెప్పాడా? ఆ రాత్రి ఆయనకు గుర్తే లేదా? నటుడు కాబట్టి మాట సరిగా లేకపోతే ఊరుకోలేకపోయాడా? ఇలాంటి రాత్రులు ఎన్నో ఉండి, అక్కది ఏదో ఆయనకే తెలియదా? ఇందులో ఏది నిజమైతే నాకు తక్కువ భయమో తేల్చుకోలేకపోతున్నాను.

ఇంటికి వచ్చి అక్కకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. రేపు చూద్దాం తల్లీ అని రాసుకోమన్నాడని చెప్పాను. వేళ్లు చేటలో అలాగే ఉండిపోయాయి.

"అదే మాట" అంది.

నవంబర్ 9

సార్ ప్రశ్నకు ఇప్పుడు జవాబు ఉంది. ఇది ఎవరి మాటో నాకు తెలుసు.

తెలియకుండా ఉంటే బాగుండేది.

నవంబర్ 12. హాస్టల్.

సార్‌కు చూపించాను. ఆ ఒక్క వాక్యం రెండుసార్లు చదివి, ఇది నువ్వు రాసింది కాదు కదా అన్నారు. కాదు సార్, వేషం వేసేవాళ్లు సరిదిద్దారు అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టేశారు. జాగ్రత్త అన్నారు. అంతకుముందు ఎప్పుడూ ఆ మాట అనలేదు.

నవంబర్ 16, ఆదివారం. ఊరు.

కోత పండుగ. చర్చి నిండా తొలి పంట. జొన్న కంకులు, కందులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. వేలం పాడేటప్పుడు పెద్దనాయిన ఎప్పటిలాగే అందరికంటే ఎక్కువ పాడి పెద్ద గుమ్మడికాయ గెలిచి, మళ్లీ చర్చికే ఇచ్చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నాటకం భోజనాల తర్వాత. జ్వరం వచ్చిందని చెప్పి ఇంట్లో పడుకుందామనుకున్నాను. అక్క వచ్చి పిలవలేదు, గుమ్మం దగ్గర నిలబడింది, అంతే. లేచి పోయాను.

వనజ వచ్చి తలుపు ముందు నిలబడింది. "పెద్దనాయినా, గుడిసెల నీళ్లొచ్చినయి. ఈ ఒక్క రాత్రికి సిమెంటు గదిల పండుకుంట" అంది. ఇస్రాయేలు పెద్దనాయిన ఆమె తల మీద చేయి పెట్టాడు.

"రేపు చూద్దాం తల్లీ."

ఆడవాళ్ల వైపు గాజుల చప్పుడు ఆగిపోయింది. నాటకంలో ఇలాంటి నిశ్శబ్దం నేను చూడలేదు. నచ్చిన నిశ్శబ్దం కాదు, నచ్చని నిశ్శబ్దమూ కాదు. బెంగళూరు పోయి వచ్చిన వాళ్లందరూ ఒకేసారి ఒకే చోటికి పోయినట్టుంది. ఎవరికి ఏ రేపు గుర్తొచ్చిందో. వనజ వెంటనే సరే అనాలి. అనలేదు. అలాగే నిలబడింది, మాట మరిచిపోయిందేమో అనుకున్నాను. తర్వాత అంది. "సరే పెద్దనాయినా."

నాయిన మగవాళ్లలో చివరన కూర్చుని నేల చూస్తున్నాడు.

చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి. పెద్దనాయిన చేతులు జోడించి అటూ ఇటూ తిరిగి అందరికీ దండం పెట్టాడు. కిందికి దిగి నా తల మీద చేయి పెట్టి, మంచిగ రాసినవ్ బిడ్డా అన్నాడు. వనజ తల మీద పెట్టిన చేయే.

ఇంటికి నడుస్తుంటే అక్క అంది, వనజ కూడా ఇంకోసారి అడగలేదు గదా అని. నువ్వు సరే అన్నానని చెప్పావు కాబట్టి అలాగే రాశానన్నాను. అవును, మంచిగనే రాసినవ్ అంది. ఆమె నా రాతను మెచ్చుకోవడం ఇదే మొదలు. సంతోషం వేయాలి.

నవంబర్ 17

రేపు బస్సు. నాయిన సంచి సర్దుకున్నాడు. పెద్దనాయిన మనిషిని పంపి రమ్మన్నాడు, మామూలుగానే. భయపడినదంతా ఉత్తదేనేమో. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు.

నవంబర్ 18, మంగళవారం

అమరచింత రోడ్డు మీద బస్సు. మూటలు, గిన్నెలు, పారలు అన్నీ పైకెక్కించారు. నాయిన ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. వనజ మొగుడూ ఎక్కాడు. వనజ మెట్టు మీద కాలు పెట్టబోతుంటే అక్క ఆమె చేయి పట్టుకుంది. అక్క మాతో పాటు వస్తుందనే మేము అనుకోలేదు.

పెద్దనాయిన తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి పంపుతున్నాడు. అక్క ఆయన ముందుకు పోయి అడిగింది. గొంతు పెంచలేదు.

"పెద్దనాయినా, వనజకు నెలలు నిండినప్పుడు యాడ పండుకుంటది?"

"మంచిదమ్మా, పోయినంక..."

అంతే అన్నాడు. బస్సు లోపల నుంచి ఒక ఆడ గొంతు, ఎవరిదో తెలియదు, అచ్చం నాటకంలో ఆయన అన్నట్టే, "తల్లీ" దగ్గర మెల్లగా తగ్గించి అంది. "రేపు చూద్దాం తల్లీ."

బస్సంతా నవ్వింది. మగవాళ్లు కూడా. నవ్వు ఆగాక కూడా ఎవరో మళ్లీ అన్నారు, మళ్లీ నవ్వారు.

పెద్దనాయిన కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఎప్పుడూ చేతిలో ఉండే పనిముట్టు కనబడకపోతే మనిషి చుట్టూ చూస్తాడే, అలా చూశాడు. అక్క కదలలేదు. వనజ చేయి వదలలేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

"ఇంకోసారి అడుగుతున్న పెద్దనాయినా. యాడ పండుకుంటది?"

"సిమెంటు గదిల" అన్నాడు చివరికి.

"గట్టిగ చెప్పు, లోపలోళ్లకు వినపడాలె."

చెప్పాడు. రేకులు లేవు కాబట్టి మోగలేదు కానీ అందరూ విన్నారు. అక్క వనజ చేయి వదిలింది. వనజ ఎక్కింది.

ఆయన అక్కను చూడలేదు. నన్ను చూశాడు. కోపంగా కాదు. నాటకం పేజీ మీద వేలు ఆపి చూశాడే, అలా చూసి ఎక్కాడు. నాయిన పక్క సీటులో కూర్చున్నాడు.

అక్క ఇంటికి వచ్చి, రెండేళ్ల తర్వాత మొదటిసారి, ఆకలైతుంది అమ్మా అంది. అమ్మ వడ్డించింది. ఇద్దరూ తిన్నారు. నేను తినలేకపోయాను.

నవంబర్ 21, శుక్రవారం. హాస్టల్.

వనజ అక్కకు ఫోన్ చేసిందట. బస్తాలు ఒక మూలకు జరిపించి గదిలో చాప వేయించాడట, ఇప్పటి నుంచే అక్కడ పడుకో అన్నాడట.

సార్‌కు చెబుదామని పోయాను. చెప్పలేకపోయాను.

సాయంత్రం నాయిన నాకే ఫోన్ చేశాడు. నాయిన ఎప్పుడూ నాకు ఫోన్ చేయడు, అమ్మకు చేస్తాడు. తిన్నావా అన్నాడు. చదువుకుంటున్నావా అన్నాడు. వెనక గాలి హోరు. ఎక్కడున్నవ్ నాయినా అన్నాను. ఈసారి మేస్త్రీ పని మార్చిండు, పైన అన్నాడు. ఎంత పైన అంటే, ఎక్కుతున్నలే, మెల్లగ ఎక్కుతున్న అన్నాడు.

తర్వాత, "పైన చల్లని గాలి మస్తు హాయిగ ఉన్నది బిడ్డా, ఊరంత కనవడుతుంది" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. ఒకప్పుడైతే ఆ మాట నాకు అందంగా వినిపించేది, పుస్తకంలో రాసి పెట్టుకునేదాన్ని. ఇప్పుడు వినగానే నా తల మీద పెద్దనాయిన చేయి పడ్డట్టయింది. అది నాయిన మాట కాదు.